కొత్త హార్డ్ డిస్క్‌లో 69 జీబీ ఎటు పోయింది?

అట్టపెట్టె మీద 1 టీబీ అని ఉంటుంది. ఇంటికి తెచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే తెర మీద 931 జీబీ కనిపిస్తుంది. ఇంకా ఒక్క ఫొటో కూడా పెట్టలేదు, అప్పుడే 69 జీబీ మాయం. దుకాణానికి ఫోన్ చేస్తే ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే జవాబు వస్తుంది: "ఫార్మాట్‌లో కొంత పోతుందండీ, అన్ని కంపెనీలవీ అంతే."

ఈ జవాబులో రెండో సగం నిజం, మొదటి సగం తప్పు. అయినా మనం నమ్మేస్తాం. తరుగుకు అలవాటు పడ్డవాళ్లం కదా. నగ చేయిస్తే తరుగు, ధాన్యం కాటా పెడితే తరుగు. డిస్కుకూ తరుగు ఉంటుంది కాబోలు అని సర్దుకుంటాం. డిస్కులో తరుగు లేదనీ, ఉందని అందరినీ నమ్మిస్తున్నది తెర మీద కనిపించే ఒక తప్పు గుర్తు అనీ, దాన్ని సరిదిద్దకపోవడం వల్ల అసలైన మోసాలు దర్జాగా సాగిపోతున్నాయనీ నా అభిప్రాయం.

ముందు లెక్క చూద్దాం. విండోస్‌లో ఆ డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. కెపాసిటీ అనే వరుసలో రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి 931 జీబీ. దాని పక్కనే బైట్లలో రాసిన పొడవాటి సంఖ్య ఉంటుంది. దాన్ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు, పైగా కామాలు చాలాసార్లు మనకు అలవాటైన చోట్ల ఉండవు. లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు మార్చి చదివితే లక్ష కోట్ల పైచిలుకు తేలుతుంది. టెరా అంటే లక్ష కోట్లు. పెట్టె మీద చెప్పింది చెప్పినట్టే ఉంది.

నిజానికి కాస్త ఎక్కువే ఉంది. 1 టీబీ డిస్కులో ఎన్ని సెక్టార్లు ఉండాలో తయారీ కంపెనీలు తమలో తాము ఒక సూత్రం కుదుర్చుకున్నాయి. దాని ప్రకారం 512 బైట్ల సెక్టార్లు 1,95,35,25,168 ఉంటాయి. గుణించి చూస్తే 10,00,20,48,86,016 బైట్లు. అంటే లక్ష కోట్ల మీద మరో 20 కోట్ల 48 లక్షల బైట్లు. తరుగు సంగతి అటుంచితే, కొసరు వేసి ఇచ్చారు.

మరి 931 ఎక్కడి నుంచి వచ్చింది? విండోస్ ఈ బైట్లను వంద కోట్లతో భాగించదు. 1024ను మూడుసార్లు గుణిస్తే వచ్చే 1,07,37,41,824తో భాగిస్తుంది. అప్పుడు 931 వస్తుంది. భాగించడంలో తప్పేమీ లేదు, ఎవరి కొలత వారిది. కానీ ఆ జవాబు పక్కన 'జీబీ' అని రాస్తుంది. తప్పు అక్కడ ఉంది.

పాత తూకాలు గుర్తున్న పెద్దవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. బ్రిటిష్ ఇండియాలో ప్రామాణిక సేరు 80 తులాలు. ఇప్పటి లెక్కలో 933 గ్రాములు. (మద్రాసు రాష్ట్రంలో సేరు 24 తులాలే. ఊరు దాటితే సేరు మారిపోయే రోజులవి.) ఆ 80 తులాల సేర్ల లెక్కన 1000 సేర్ల బియ్యం కొన్నారనుకోండి. కిలోల కాటా మీద పెడితే 933 చూపిస్తుంది. ఒక్క గింజ కూడా పోలేదు, కొలత మారింది అంతే. ఇప్పుడు ఆ కాటా చేసినవాడు దాని ముఖం మీద 'కిలో' అని రాయాల్సింది 'సేరు' అని రాశాడనుకోండి. వెయ్యి సేర్లకు డబ్బు కట్టాను, 933 సేర్లే ఇచ్చావని కొన్నవాడు తగువుకు దిగుతాడు. అమ్మినవాడు నిజాయితీపరుడే, కాటా కూడా సరిగ్గానే తూచింది, అయినా తగువు తప్పదు. విండోస్ చేస్తున్నది అచ్చం ఇదే. 933, 931 అంత దగ్గరగా రావడం కేవలం కాకతాళీయం. కానీ పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1024 మీద ఈ మోజు ఎలా మొదలైందో కూడా చెప్పుకోవాలి. మెమరీ చిప్‌లో ఒక్కో గడిని ఎంచుకోవడానికి తీగలు ఉంటాయి. ఒక్కో తీగకు రెండే స్థితులు. పది తీగలుంటే 2ను పదిసార్లు గుణించినన్ని, అంటే 1024 గడులను ఎంచుకోవచ్చు. వెయ్యికి ఇది దగ్గరే కదా అని ఇంజనీర్లు వాడుకలో 'కిలో' అనేశారు. తేడా 2.4 శాతం. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు అది ఇబ్బంది పెట్టలేదు.

డిస్కుల పుట్టుక వేరు. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంలో యాభై పళ్లేల డిస్కు ఉండేది. దాని సామర్థ్యాన్ని 50 లక్షల అక్షరాలని చెప్పారు, మామూలు దశాంశ లెక్కలోనే. పళ్లెం మీద ఎన్ని వలయాలు గీయగలం, ఒక్కో వలయంలో ఎన్ని సెక్టార్లు పడతాయి అన్నది పదార్థం మీద, యంత్రపు నాణ్యత మీద ఆధారపడుతుంది. అది 2 ఘాతాల్లోనే ఉండాలన్న నియమమేదీ లేదు. కాబట్టి డిస్కుల కంపెనీలు జనాన్ని మోసగించడానికే 1000 లెక్కలోకి మారాయన్న ఆరోపణ చరిత్రకు నిలవదు. ఆ పరిశ్రమ మొదటి నుంచీ అదే లెక్కలో ఉంది.

ఈ గందరగోళం ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే పాత ఫ్లాపీ చాలు. దాని మీద 1.44 ఎంబీ అని ఉండేది. అందులో పట్టేవి 14,74,560 బైట్లు. 1000 లెక్కలో చూస్తే 1.47 రావాలి, 1024 లెక్కలో చూస్తే 1.41 రావాలి. 1.44 రావాలంటే ఒకసారి 1000తో, ఒకసారి 1024తో భాగించాలి. ఒకే సంఖ్యలో రెండు కొలతలను కలిపి వండిన ఆ ఫ్లాపీని కోట్లమంది ఏ ప్రశ్నా వేయకుండా వాడారు. నేనూ వాడాను.

అప్పట్లో నడిచిపోయింది, ఇప్పుడు నడవదు. పెద్ద ప్రమాణాలకు వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది. కిలో దగ్గర 2.4 శాతం, మెగా దగ్గర 4.9, గిగా దగ్గర 7.4, టెరా దగ్గర దాదాపు 10. పెటా దగ్గర 12.6 శాతం. ఒక పరిశోధన సంస్థ తన డేటా కోసం 10 పెటాబైట్లు కావాలని ఒక లెక్కలో అంచనా వేసి, సరఫరాదారు ఇంకో లెక్కలో ఇస్తే ఒక పెటాబైట్‌కు పైగా తేడా వస్తుంది. అది వెయ్యి ల్యాప్‌టాప్‌ల డిస్కులతో సమానం.

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక కమిషన్ 1998లో 1024 లెక్కకు వేరే పేర్లు ఇచ్చింది: కిబి, మెబి, గిబి, టెబి. 1024 కిబిబైట్లయితే ఒక మెబిబైట్. కిలో, మెగా, గిగా మాత్రం ఎప్పటిలాగే వెయ్యి, పది లక్షలు, వంద కోట్లు. ఎస్ఐ ప్రమాణాల అధికారిక పత్రం కూడా తన ఉపసర్గలు దశాంశానికే చెల్లుతాయనీ, 2 ఘాతాలకు వాడకూడదనీ స్పష్టంగా చెబుతోంది. 'గిబి' అన్న మాట పిల్లల ఆటలో మాటలా వినిపిస్తుందని నవ్వేవాళ్లున్నారు. నిజమే, అందమైన పేరేమీ కాదు. అయితే కొలతకు ముందు కావలసింది అందం కాదు.

అమెరికాలో ఈ తేడా మీద కోర్టుకెక్కారు. వెస్టర్న్ డిజిటల్ 2006లో, సీగేట్ 2007లో వినియోగదారులతో రాజీ కుదుర్చుకున్నాయి. ఉచిత సాఫ్ట్‌వేర్ లాంటివి ఇచ్చి బయటపడ్డాయి. తర్వాతి కాలంలో శాన్‌డిస్క్ పెన్‌డ్రైవ్‌ల మీద వేసిన ఇలాంటి దావాను కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు 2020లో కొట్టేసింది. 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లని అట్ట మీద రాసే ఉందని చెప్పింది. ఇప్పుడు దాదాపు ప్రతి పెట్టె మీదా చీమ తలకాయంత అక్షరాల్లో ఆ వాక్యం ఉంటుంది. అన్నేళ్లుగా కోర్టు బోనులో నిలబడ్డది బియ్యం అమ్మినవాడు. తప్పు పేరు రాసుకున్న కాటాను ఎవరూ నిలదీయలేదు.

ఆపిల్ 2009లో మాక్ కంప్యూటర్లలో దశాంశ లెక్కకు మారిపోయింది. 1 టీబీ డిస్కు తగిలిస్తే అక్కడ 1 టీబీ అనే కనిపిస్తుంది. లినక్స్‌లో చాలా పరికరాలు గిబిబైట్ అని విడిగా రాస్తాయి, కొన్ని ఇంకా పాత అలవాటులోనే ఉన్నాయి. మన దేశంలో ఇళ్లల్లో, బడుల్లో, ఆఫీసుల్లో అత్యధికంగా ఉన్న విండోస్ మాత్రం మారలేదు.

మార్చకపోవడానికి కారణాలు చెప్పేవారు లేకపోలేదు. కోట్లమందికి అలవాటైపోయింది, ఒక్కసారి మారిస్తే ఫైళ్ల సైజులన్నీ మారినట్టు కనిపించి జనం కంగారుపడతారు అంటారు. ర్యామ్ ఇప్పటికీ 1024 లెక్కలోనే తయారవుతుంది కాబట్టి ఒకే కంప్యూటర్‌లో రెండు లెక్కలు పెట్టలేం అని కూడా అంటారు. రెండోది బలమైన వాదనే. కానీ దానికి సమాధానం లెక్క మార్చకుండానే దొరుకుతుంది. 931 అలాగే ఉండనివ్వండి, పక్కన గిబిబైట్ గుర్తు రాయండి. ఒక్క అక్షరం చేరిస్తే చాలు.

పేరు ఒకటే, విలువలు రెండు అయినప్పుడు ఏం చేయాలో మన దేశం ఒకసారి చేసి చూపించింది. 1957 ఏప్రిల్ 1న రూపాయిని వంద భాగాలు చేసినప్పుడు పాత పైసలు ఇంకా జనం చేతుల్లో ఉన్నాయి. రూపాయికి అవి 64. రెండింటినీ 'పైసా' అనే అంటే సంతలో కొట్లాటలే. అందుకని కొత్త నాణెం మీద 'నయా పైసా' అని రాశారు. జనానికి అలవాటయ్యాక 1964లో ఆ 'నయా' తీసేశారు. చదువురానివాళ్లు ఎక్కువగా ఉన్న దేశం అణాల నుంచి పైసలకు మారగలిగింది. మరి కంప్యూటర్ వాడేవాళ్లు ఒక అక్షరాన్ని తట్టుకోలేరని ఎలా నమ్మమంటారు?

మన తూనికలు కొలతల చట్టం 2009 ప్రకారం దేశంలో కొలతలు ఎస్ఐ ఆధారిత మెట్రిక్ పద్ధతిలో ఉండాలి. బైట్ ఎస్ఐ ప్రమాణం కాదు కాబట్టి ఇక్కడ న్యాయవాదులు వాదించుకోవడానికి చోటుంది. కానీ గిగా ఎస్ఐ సొత్తే. పెట్రోలు బంకులో లీటరు కొలతను తనిఖీ చేసే ప్రభుత్వం తెర మీది జీబీ గురించి కనీసం ఒక మార్గదర్శకం ఇవ్వడం పెద్ద పనేమీ కాదు.

బడి గురించి కూడా ఒక మాట. భౌతికశాస్త్రం పీరియడ్‌లో కిలో అంటే వెయ్యి అని చెబుతాం. గంట కొట్టాక కంప్యూటర్ పీరియడ్‌లో కిలో అంటే 1024 అని బట్టీ పట్టిస్తాం. రెండు చోట్లా మార్కులు వేస్తాం. ఉపసర్గ అంటే ఎక్కడైనా ఒకే అర్థం ఉండాలన్న మూలసూత్రమే అక్కడ చెదిరిపోతుంది. ఎంఎస్సీ భౌతికశాస్త్రం చదివిన నాకు ఇది ఒంట్లో ముల్లులా గుచ్చుకుంటుంది. పాఠ్యపుస్తకంలో కిబిబైట్‌కు నాలుగు వాక్యాలు కేటాయిస్తే సరిపోతుంది.

ఇదంతా పదాల పట్టింపు కదా, 69 జీబీ పోలేదని తెలిసింది కదా, ఇక గొడవెందుకు అనవచ్చు. గొడవ ఇక్కడే మొదలవుతుంది. "కొంత తక్కువ చూపిస్తుంది లే" అని అలవాటు పడ్డవాడు నిజంగా స్థలం పోయినప్పుడు కూడా గమనించడు.

4 టీబీ డిస్కు కొని పాత పద్ధతిలో సిద్ధం చేస్తే ఏమవుతుందో చూడండి. ఎంబీఆర్ అనే పాత విభజన పట్టిక సెక్టార్లను 32 బిట్ల సంఖ్యతో లెక్కిస్తుంది. సెక్టారుకు 512 బైట్లయితే 2.2 లక్షల కోట్ల బైట్ల దగ్గర ఆ లెక్క అయిపోతుంది. విండోస్ భాషలో అది 2048 జీబీ. డిస్కులో మిగిలిన సుమారు 1678 జీబీ ఉన్నా లేనట్టే. దీనికి జీపీటీ అనే కొత్త పట్టిక వాడాలి. మార్చేముందు డిస్కులో ఉన్నదంతా వేరేచోట దాచుకోవాలి, ఎందుకంటే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మార్చాలంటే ఉన్న విభాగాలన్నీ చెరిపేయాలి. అదే తెరలో నల్ల పట్టీతో 'అన్‌ఎలొకేటెడ్' అని కనిపిస్తే ఆ భాగాన్ని ఇంకా ఎవరూ వాడుకలోకి తేలేదని అర్థం. పాత 256 జీబీ డిస్కును కొత్త 1 టీబీ డిస్కులోకి యథాతథంగా నకలు చేసినవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. ఆ స్థలం పక్కనున్న విభాగంలో కలుపుకుంటే సరిపోతుంది.

లినక్స్ వాడేవారికి ఇంకో చిక్కు. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేస్తే 5 శాతం స్థలాన్ని వ్యవస్థ తన కోసం అట్టిపెట్టుకుంటుంది. 1 టీబీకి 50 జీబీ. వ్యవస్థ నడిచే డిస్కుకు అది అవసరమే కానీ సినిమాలు, ఫొటోలు దాచుకునే డిస్కుకు అంత అక్కర్లేదు, ఒక ఆదేశంతో తగ్గించుకోవచ్చు. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేసిన ఖాళీ 1 టీబీ డిస్కులో వ్యవస్థ వాడుకునేది వందో రెండు వందలో ఎంబీలు. దుకాణదారు చెప్పే 'ఫార్మాట్‌లో పోయేది' అక్కడ అంతే. 69 జీబీ ఎక్కడ, ఇది ఎక్కడ?

చిన్న ఫైళ్లు కూడా స్థలం తింటాయి. ఎక్స్‌ఫ్యాట్‌లో పెద్ద డిస్కులకు విండోస్ మామూలుగా 128 కిబిబైట్ల గడులు కేటాయిస్తుంది. 4 కిబిబైట్ల ఫైలైనా ఒక పూర్తి గడిని ఆక్రమిస్తుంది. అలాంటి ఫైళ్లు లక్ష ఉంటే అసలు సరుకు 400 ఎంబీకి కాస్త పైన, ఆక్రమించేది 13 జీబీ. ప్రాపర్టీస్‌లో 'సైజ్', 'సైజ్ ఆన్ డిస్క్' అనే రెండు వరుసలు పోల్చి చూస్తే ఇది బయటపడుతుంది.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది నకిలీ సరుకు. ఆన్‌లైన్‌లో 16 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ అంటూ ఒకటి రెండు వేల రూపాయలకు అమ్ముతుంటారు. డబ్బా విప్పితే లోపల తరచూ ఒక చిన్న మెమరీ కార్డు ఉంటుంది. దాని నియంత్రణ చిప్‌కు అబద్ధం నేర్పించి పెడతారు. కంప్యూటర్ అడిగితే 16 టీబీ అనే చెబుతుంది. తెర మీద 14.5 టీబీ చుట్టుపక్కల కనిపిస్తుంది. "ఆ, ఫార్మాట్‌లో కొంత పోతుంది కదా" అని కొన్నవాడు తృప్తి పడతాడు. నకిలీ వస్తువుకు అసలైన వస్తువు ముద్ర వేసి ఇస్తున్నది మన తప్పుడు నమ్మకమే. మొదట్లో ఫైళ్లు బాగానే ఎక్కుతాయి. అసలు సామర్థ్యం నిండాక రాసినవి పాత వాటి మీద పడతాయి, లేదా గాలిలో కలిసిపోతాయి. పేర్లు మాత్రం జాబితాలో అలాగే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత పెళ్లి వీడియో తెరిచినప్పుడుగానీ సంగతి తెలియదు, అప్పటికి కెమెరా కార్డులోని అసలు ఎప్పుడో చెరిపేసి ఉంటారు.

క్విక్ ఫార్మాట్ దీన్ని పట్టుకోలేదు, అది కొద్ది చోట్ల మాత్రమే రాసి వచ్చేస్తుంది. డిస్కు మొత్తం నింపి, తిరిగి చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని పోల్చాలి. విండోస్‌కు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌కు, మాక్‌కు ఎఫ్3 అనే ఉచిత సాధనాలు ఇదే పని చేస్తాయి. డిస్కు కొత్తగా, ఖాళీగా ఉన్నప్పుడే నడపాలి. సెకనుకు 100 ఎంబీ వేగంతో 1 టీబీ రాయడానికి సుమారు 2 గంటల 47 నిమిషాలు, చదవడానికి మరో అంత పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఫలితం ఉంటుంది. వస్తువు తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపు, బిల్లూ పెట్టే పారేయకముందే ఆ పని కానివ్వండి.